తప్పిపోయిన దిండు గలీబు

ఆ ఏడు మొదటి వాన పడిన రోజున మా అత్తగారు ఆకాశాన్ని ఎగాదిగా చూసి, "వచ్చావా? రా. కడుపు కొట్టడానికి నీకు ఇంకో ఇల్లు దొరకదుగా," అని కిటికీ ధడాలున మూసేశారు. వాన అంటే ఊళ్ళోవాళ్ళకి వేడి టీ, కిటికీ పక్కన కుర్చీ, కాస్త కవిత్వం. మాది లాండ్రీ. మాకు వాన అంటే తడి దుప్పట్లు.

మా ఇంట్లో కింద ఉతుకు, ఇస్త్రీ. మధ్య అంతస్తులో కాపురం. పైన మేడ మీద దండేలు. వానాకాలం వస్తే దండేలు కూడా కాపురానికి దిగి వచ్చేస్తాయి. వంటింట్లో హోటలు దుప్పట్ల కింద వంగి వంగి అన్నం వండేదాన్ని. పడగ్గదిలో నాకూ మా ఆయనకీ మధ్య ఎవరో ప్లీడరు గారి నల్లకోటు వేలాడుతూ ఉండేది. దాన్ని చూసి మా పోట్లాటలన్నీ వాయిదా వేసుకునేవాళ్ళం. నేను ఎకనామిక్స్‌లో డిగ్రీ చేసి ఈ ఇంటికొచ్చాను. గిరాకీ గురించి, సరఫరా గురించి అంత చదువుకున్నందుకు నాకు ఇక్కడ దొరికిన ఉద్యోగాలు వంట, ఫోను, మూటలు కట్టడం.

అసలు పని తెలిసింది మా ఆడపడుచుకి. వీధిలో అందరూ ఆమెని 'మరకల డాక్టరు' అనేవారు. మరకని వాసన చూసి, గోటితో గీకి, అదేమిటో, ఎప్పుడు పడిందో, ఎవరి తప్పో కూడా చెప్పేది. ఒకసారి ఆమెని చేసుకుంటానని వచ్చిన పెద్దమనిషి కాలరు వైపు చూసి, "ఈయనకి ఇంకో ఇల్లుంది వదినా," అని నా చెవిలో ఊదింది. వాకబు చేస్తే, ఉంది.

వాన మొదలైన ఆ పూటే ఒకతను మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బయట కుండపోత. అతని భుజాల మీద మట్టిరంగు శాలువా, దాని నిండా దుమ్ము. అంత వానలో నడిచి వచ్చిన మనిషి మీద దుమ్ము ఉండకూడదని ఎకనామిక్స్ చదివినవాళ్ళకి కూడా తెలుసు.

"పని దొరుకుతుందా అండీ?"

"ఏం పని చేస్తావు బాబూ?" అన్నారు అత్తగారు.

"ఆరబెడతాను."

మా ఆయన పకాలున నవ్వారు. "ఈ వానలోనా? అయితే మాకు కావలసింది పనివాడు కాదు, దేవుడు."

అతను నవ్వలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరులాగా నడవలో వేలాడుతున్న దుప్పట్ల మధ్య ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. అంతే. అత్తగారు ఒక దుప్పటి అంచు తీసి చెంపకి ఆనించుకున్నారు. తడి చేతికి తెలియదు, చెంపకి తెలుస్తుంది. అది ఈ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం. ఆమె రెండో చెంపకి కూడా ఆనించుకున్నారు.

"రేపటి నుంచి రా," అన్నారు. మళ్ళీ, "రేపెందుకు? తడిబట్టలూ ఇక్కడే ఉన్నాయి, నువ్వూ ఇక్కడే ఉన్నావు. లోపలికి రా," అన్నారు.

ఎలా ఆరబెట్టావని ఎవరూ అడగలేదు. లాండ్రీలో 'ఎలా' అని అడగరు, 'ఎప్పటికి' అని అడుగుతారు. మా ఆయన మాత్రం ఆ సాయంత్రానికల్లా అతనికి 'పొడిబాబు' అని పేరు పెట్టేశారు.

పొడిబాబుకి కింద ఇస్త్రీ గదిలో పక్క వేశాం. భోజనం మాతోనే. నాలుగు రోజులు తిండి పెట్టాక వంశం అడిగే హక్కు వస్తుందని మా అత్తగారి నమ్మకం.

"మీ నాన్నగారు ఏం చేస్తారు బాబూ?"

"తిరుగుతూ ఉంటారండీ."

"సేల్సా?" అన్నాను నేను.

అతను కాస్త ఆలోచించి, "అలాంటిదే," అన్నాడు.

"ఏం అమ్ముతారు?"

"అమ్మరండీ. ఉన్నవి ఎగరేసుకుపోతారు."

"అయితే ఫైనాన్సు కంపెనీ," అన్నారు మా ఆయన, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. మా ఆడపడుచు తల వంచుకుని నవ్వింది. ఆ నవ్వు మా ఆయన జోకుకి రాలేదని నాకు అనిపించింది. మా ఆయన జోకులకి ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక నవ్వలేదు.

రోజూ పొద్దున అతని దిండు విదిలిస్తే గుప్పెడు ఇసుక రాలేది. అత్తగారు, "తలంటుకో బాబూ," అని సబ్బు ఇచ్చేవారు, రోజూ గలీబు మార్చేవారు. ఒకనాడు ఉతకడానికి వేసిన వాటిని చూసుకుని, "గలీబు ఒకటి తగ్గింది," అన్నారు. మామూలు ఇళ్ళల్లో అదొక మాట. మా ఇంట్లో అది నేరం. ఈ లాండ్రీలో ఒక్క బట్టయినా పోలేదన్నది అత్తగారి పరువు. ఒకప్పుడు ఎవరిదో చేతిరుమాలు వేరేవాళ్ళ మూటలో పోతే, ఊరికి అటు చివరిదాకా నడిచివెళ్ళి, ఆ ఇంటాయన ముక్కు తుడుచుకోబోతుంటే చేతిలోంచి లాక్కొచ్చారట. ఆ గలీబు కోసం మంచాల కింద, గంజి గిన్నెల వెనక, నా బియ్యం డబ్బాలో కూడా వెతికారు. దొరకలేదు.

వానలు ముదిరాయి. ఊళ్ళో ఏ లాండ్రీలోనూ ఆరని బట్టలు మా దగ్గర ఆరుతున్నాయని తెలిసి, మెట్ల దాకా మూటలు పేరుకున్నాయి. మా ఆడపడుచుకీ అతనికీ పని పక్కపక్కనే. ఆమె మరక తీసి తడిబట్ట అందిస్తే అతను పొడిబట్ట చేసి అందించేవాడు. నేను వెనక కూర్చుని మూటలు కడుతూ ఉండేదాన్ని. చెవులు మూసుకుని మూటలు కట్టడం ఎవరికీ చేతకాదు.

"ఇది ఏం మరక?"

"సిరా."

"ఇది?"

"కన్నీళ్ళు."

"కన్నీళ్ళకి మరక పడుతుందా?"

"కాటుక పెట్టుకుని ఏడిస్తే పడుతుంది. కాటుక లేకుండా ఏడ్చేవాళ్ళ వల్ల మా వ్యాపారానికి ఏం లాభం లేదు."

అతను ఆ తడిబట్టని ఆరబెట్టకుండా చాలాసేపు పట్టుకున్నాడు. "అయితే నువ్వు కాటుక ఎందుకు పెట్టుకోవు?" అన్నాడు.

ఊరందరినీ నిలబెట్టి కడిగే పిల్ల, ఆ ప్రశ్నకి తల వంచుకుని మరకలేని బట్టని రుద్దడం మొదలుపెట్టింది. ఇదేదో మామూలు మరక కాదని అప్పుడే అర్థమైంది నాకు.

వాన తెరిపి ఇచ్చిన ఒక మధ్యాహ్నం మేడ మీద నీళ్ళు తోస్తూ ఉండగా తనే మొదలుపెట్టింది.

"వదినా, అతని నాన్న సేల్సు కాదు."

"నాకు తెలుసు. ఏ సేల్సు మనిషి కొడుకూ అంత తక్కువ మాట్లాడడు. ఏం చేస్తాడు మరి?"

"గాలి."

"ఏ పనీ చెయ్యకుండా తిరుగుతాడా?"

"కాదు వదినా. గాలే. వానలు పోగానే వచ్చే పొడిగాలి లేదూ? అది."

నేను చీపురు పక్కన పెట్టాను. నవ్వుదామనుకున్నాను గాని, కింద ఆరిన దుప్పట్లన్నీ గుర్తొచ్చాయి.

ముందు సంవత్సరం పొడిగాలి వచ్చిన రోజున హోటలు దుప్పటి ఒకటి దండెం మీంచి లేచి పక్క మేడ మీద పడింది. మా ఆడపడుచు పిట్టగోడ ఎక్కి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఒరేయ్, నీకు అమ్మానాన్నా లేరా? ఇదేనా నిన్ను పెంచిన తీరు?" అని గాలిని తిట్టింది. అది నాకూ గుర్తే. వీధంతా విని నవ్వింది. ఆ దుప్పటి ఎగరేసింది అతనట.

"ఉన్నారని చెప్పడానికి వచ్చాడట," అంది.

"ఏడాది పట్టిందా చెప్పడానికి?"

"వాళ్ళు ఒకసారి దాటిన ఊరికి మళ్ళీ ఏడాదికి గానీ రారట. ఈసారి నాన్న చెయ్యి విడిపించుకుని ముందే వచ్చేశాడు. ఇంతవరకు ఎవరూ తిట్టలేదట వదినా అతన్ని. దండేల దగ్గర అందరూ గాలి వస్తే బాగుండునంటారే తప్ప, వచ్చినవాడు ఎవరి బిడ్డ అని ఎవరూ అడగలేదట."

అతని తల్లి మనిషే. ఇటుకల బట్టీలో పనిచేసేదట. అతనికి ఊహ తెలియకముందే పోతే, తండ్రి ఆమె శాలువాలోనే చుట్టి ఎత్తుకుపోయాడు. ఒంటి మీద ఉన్న ఆ శాలువా అదే.

"ఆస్తిపాస్తులు?" అన్నాను. నా నోరు అంతే, ఎంత కష్టంలోనైనా వంకరగానే తెరుచుకుంటుంది.

"చోటు బోలెడు ఉందట. ఇల్లే లేదు." కాసేపు నీళ్ళు తోసింది. "వానలు అవగానే వాళ్ళ నాన్న వస్తారు. తనవాళ్ళని వాసన పట్టి తీసుకుపోతారట. రానంటే కుదరదట వదినా. గాలితో రానని ఎలా అంటారు?"

అప్పటికి వానలు సగం కూడా అవలేదు. అయినా ఆమె ఆకాశం వైపు చూసిన చూపు, సెలవులు అయిపోవస్తున్న పిల్ల క్యాలెండరు వైపు చూసినట్టుంది.

మా ఇంటికో పద్ధతి ఉంది. పెళ్ళితో ఈ ఇంట్లోకి ఎవరొచ్చినా, వాళ్ళ పాతబట్టలు ఇంటివాళ్ళే ఉతికి, అంచున ఎర్రదారంతో మా గుర్తు కుడతారు. ఖాతాదార్లందరికీ తలో గుర్తు ఉంటుంది, చుక్కలూ గీతలూ. మా ఇంటిది పక్కపక్కనే మూడు అడ్డకుట్లు. నేను వచ్చిన రోజున నా పెట్టె మొత్తం మరిగే నీళ్ళ కాగులో పడింది. నా కాలేజీ ఊలు స్వెట్టరు బొమ్మకి సరిపోయేంత అయి బయటికొచ్చింది. దానికీ గుర్తు కుట్టారు. స్వెట్టరు పోతే పోయింది గాని, మా అమ్మ పెట్టెలోని వాసన ఆ నీళ్ళతో పోయినప్పుడు స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను. ఒక్క చేతిరుమాలు మాత్రం ముందే దాచేశాను. అది ఇప్పటికీ ఉతకలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

పెళ్ళి మాట అత్తగారే ఎత్తారు. "తండ్రి తిరుగుబోతైతే ఏం, పిల్లాడు కుదురు. పైగా ఆరబెడతాడు," అన్నారు. ఆవిడ దృష్టిలో అంతకు మించిన వంశం లేదు. "ఆ శాలువా ఒకటి ఉతికి గుర్తు కుట్టేస్తే అయిపోతుంది. నేను మొదటి రోజు నుంచీ దాన్ని చూసి చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎంత కష్టంగా ఉందో మీకేం తెలుసు!"

ఆవిడ కిందికి దిగి వెళ్ళాక ఇస్త్రీ గదిలో ముగ్గురం మిగిలాం. మా ఆడపడుచు అతని శాలువా అంచు వేళ్ళ మధ్య నలుపుతూ ఉంది. మరకని చూసేటప్పుడు అలాగే నలుపుతుంది.

"మీ నాన్న నిన్ను వాసన పట్టేది దీనివల్లేగా?"

"దీనివల్లే."

"ఉతికేస్తే?"

పైన తడి దుప్పట్లోంచి ఒక్కో చుక్కా జారి రేకు బకెట్టులో పడుతూ ఉంది.

"గుర్తుపట్టరు," అన్నాడు.

"గుర్తుపట్టకపోతే వెళ్ళిపోతారు. అంతేగా?"

"అంతే."

"నీకు ఇష్టమేనా?"

"ఉతుకు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నా వైపు తిరిగి, "అక్కా, స్వెట్టరులాగా నేను కుంచించుకుపోనుగా?" అన్నాడు.

శాలువా అల్లుడిది కాబట్టి అత్తగారే ఉతకాలి. మా ఆడపడుచు ఒప్పుకోలేదు, తనే ఉతికింది. మొదటి నీళ్ళు ఎర్రగా వచ్చాయి. తర్వాత నల్లగా, తర్వాత తెల్లటి ఇసుక, తర్వాత ఏదో పసుపుపచ్చ ధూళి. తొట్టి తర్వాత తొట్టి. ఎన్ని ఊళ్ళు దాటితే అంత మట్టి పడుతుందో! తూము పూడిపోయింది. మా ఆయన కర్రతో పొడుస్తూ, "సేల్సువాళ్ళు ఊళ్ళు తిరుగుతారని తెలుసు గాని, ఊళ్ళని వెంట తెచ్చుకుంటారని తెలీదు," అని విసుక్కున్నారు. మా ఆడపడుచు నవ్వలేదు. మోచేతుల దాకా మట్టితో, పళ్ళ బిగువున ఉతుకుతూనే ఉంది. చివరికి నీళ్ళు తేటపడ్డాయి. ఆమె శాలువాని పైకెత్తింది.

నీలిరంగు. చెరువు మీద పొద్దుటి వేళ ఉంటుందే, అలాంటి నీలం.

అతను దగ్గరికొచ్చి ఒక్క వేలితో తాకాడు.

"ఇది నీలమా?" అన్నాడు. "అమ్మకి నీలం ఇష్టమేమో. నేను చూసినప్పటి నుంచీ మట్టిరంగే."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని మూడు ఎర్రకుట్లు వేసి, దారం పంటితో కొరికారు. "ఇంక నువ్వు ఎక్కడ తప్పిపోయినా ఫరవాలేదు బాబూ. గుర్తు చూసి మా ఇంటికే తెచ్చి ఇస్తారు," అన్నారు.

అతను శాలువా ఆరబెడదామని అరచెయ్యి దాని మీద పెట్టాడు. ఆరలేదు. ఇంకాసేపు పెట్టాడు. ఆ తర్వాత తుమ్మాడు. అతను తుమ్మడం మేం వినడం అదే మొదటిసారి.

పెళ్ళి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నలుగురు వచ్చారు, తిన్నారు. ఫొటోల్లో అందరూ కళ్ళు మూసుకున్నారు. వాళ్ళిద్దరి కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. వానాకాలంలో మిగిలిన ఆ కొద్ది వారాలూ మా ఇల్లు మళ్ళీ చెమ్మవాసన కొట్టింది. ప్లీడరు గారి కోటు మళ్ళీ మా గదిలోకి వచ్చేసింది. అల్లుడిని ఆరబెట్టమని ఎవరడుగుతారు? అత్తగారు ఒక్క మాట అనలేదు. అతనికి జలుబు చేస్తే ఆవిరి పట్టారు. మా ఆడపడుచు కాటుక పెట్టుకోవడం మొదలుపెట్టింది. అతను ఇస్త్రీ నేర్చుకుని చొక్కాలు మాడ్చేవాడు, ఆమె తిట్టేది, అతను ఆ తిట్లు వింటూ కూర్చునేవాడు. వాళ్ళ గదిలోంచి నవ్వులు వినిపిస్తుంటే మా ఆయన, "మనమూ ఇలాగే ఉండేవాళ్ళం కదూ," అన్నారు. "లేదు," అన్నాను. నిజం చెప్పడం నా బలహీనత.

పొడిగాలి రోజు రానే వచ్చింది. పొద్దున లేచేసరికి ఆకాశం కడిగి ఆరేసినట్టుంది. అత్తగారు ఉత్సాహంగా, "అన్నీ పైకి! అన్నీ!" అని కేకలు. దండేలన్నీ నిండాయి. వాళ్ళిద్దరూ మధ్య దండెం దగ్గర నిలబడ్డారు. అతని భుజాల మీద నీలి శాలువా. అతని చెయ్యి ఆమె చేతిలో.

ముందు వీధి చివర టైలరు గారి బోర్డు గలగలలాడింది. ఆ తర్వాత మేడ మీదికి వచ్చాడు ఆ తండ్రి. అప్పటిదాకా నేను గాలిని గాలిలాగే చూశాను. ఆ రోజు తెలిసి చూశాను. ఒక్కో దుప్పటినీ ఎత్తి, వెనక్కి తిప్పి, వదిలేస్తున్నాడు. చొక్కాల చేతులు పైకి లేపి చూస్తున్నాడు. తువ్వాళ్ళ వెనక, లంగాల వెనక, పిల్లల నిక్కర్ల వెనక కూడా. జనంలో పిల్లాడు తప్పిపోయినవాడు అలాగే వెతుకుతాడు. వెతుకుతూ వెతుకుతూ వాళ్ళ దగ్గరికి వచ్చాడు. ఆమె జుట్టు చెదిరింది. నీలి శాలువా అంచు ఒకసారి లేచింది, ఎర్రకుట్లు కనబడ్డాయి. లేచిన అంచు మెల్లిగా కిందికి వాలింది. ఎవరిదో బట్ట పొరపాటున తీసి చూసి, మర్యాదగా పక్కన పెట్టినట్టు.

ఇంకో చుట్టు తిరిగి వచ్చాడు. మళ్ళీ అంతే.

మా ఆడపడుచు నా వైపు చూసింది. ఆ కళ్ళల్లో అంత వెలుగు నేను ముందెప్పుడూ చూడలేదు. అనుకున్నట్టే జరిగింది. గాలి పిట్టగోడ దాటి పక్క మేడ మీదికి వెళ్ళింది.

"నాన్నా," అన్నాడు అతను.

చిన్నగానే అన్నాడు. వినపడాలని అన్నట్టు లేదు. తర్వాత చెయ్యి విడిపించుకుని పిట్టగోడ దాకా వెళ్ళి ఇంకోసారి, కాస్త గట్టిగా, "నాన్నా," అన్నాడు. అప్పటికి వీధి అటు చివర ఎవరింటిదో తలుపు కొట్టుకుంటోంది. ఆ తర్వాత అదీ ఆగిపోయింది.

అత్తగారు ఒక దుప్పటి చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నారు. "ఆరడమంటే ఇదీ! అల్లుడుగారూ, ఆ చివరి దండెం తీసెయ్యండి," అన్నారు. అతను వెళ్ళి తీశాడు. ఒక్కో బట్టా తీసి, మడిచి, బుట్టలో పెట్టాడు.

తర్వాత ఏ గొడవా జరగలేదు. జరిగి ఉంటే బాగుండేది. అతను పనిచేశాడు, తిన్నాడు, నవ్వమన్నప్పుడు నవ్వాడు. తలుపు కొట్టుకున్నప్పుడల్లా లేచి నిలబడేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫ్యాను కింద కూర్చుని దాన్నే చూస్తూ ఉండేవాడు. మా ఆయన ఒకసారి, "ఏమయ్యా, చుట్టాలా?" అన్నారు. మా ఆడపడుచు అన్నం గిన్నె అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆమె కిటికీ దగ్గర కూర్చుని, చిన్న కత్తెరతో శాలువా అంచున ఏదో చేస్తోంది.

"ఏం చేస్తున్నావు?"

"గుర్తు తీసేస్తున్నా."

"మీ అమ్మ చూస్తే?"

"ఇది ఉంటే మళ్ళీ ఇక్కడికే తెచ్చి ఇస్తారు కదా వదినా." మూడో కుట్టు మొండికేస్తే సూదితో లేపింది. దారం ముక్కలు మూడూ అరచేతిలో పెట్టుకుని చూసుకుంది. "ఎలాంటి మరకైనా తీసేస్తాననుకునేదాన్ని. మరకేదో, మనిషేదో చూసుకోలేదు."

అతను గుమ్మంలోనే ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు. నన్ను ఉండమన్నారో వెళ్ళమన్నారో తెలియక బట్టల బుట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆమె లేచి శాలువా అతని భుజాల మీద కప్పింది. "రోడ్ల మీద తిరుగు. దుమ్ము పట్టనీ. ఎంత పడితే అంత. మళ్ళీ ఆ రంగు వచ్చేదాకా విదిలించకు. ఎవరు ఉతుకుతానన్నా ఇవ్వకు. నేనన్నా సరే."

"నువ్వూ రా."

ఆమె రెండు చేతులూ అతని ముఖం ముందు పెట్టింది. "వాసన చూడు."

అతను చూశాడు. అలాగే ఆ అరచేతుల్లో ముఖం పెట్టి చాలాసేపు ఉండిపోయాడు.

"సబ్బు," అంది ఆమె. "మా అమ్మకీ పోలేదు, నాకూ పోదు. నేను నీ పక్కన ఉన్నంతకాలం మీ నాన్న నిన్ను దాటి వెళ్ళిపోతూనే ఉంటారు."

అతను ఆ సాయంత్రమే వెళ్ళాడు, అందరిలాగా కాళ్ళతో నడిచి. వీధి మలుపు దగ్గర సిమెంటు బాట వదిలేసి, పక్కన మట్టిలోకి దిగి నడిచాడు. మా ఆడపడుచు అది చూసి తల ఊపింది. కాటుక చెంపల మీదికి జారింది. తుడుచుకోలేదు.

"వాళ్ళ నాన్నగారిని చూడటానికి వెళ్ళారు అత్తయ్యా," అన్నాను నేను.

"మంచిదేగా," అన్నారు అత్తగారు. "ఎప్పుడొస్తాడట?"

ఆవిడ కూతురి ముఖం ఒకసారి చూసి, ఆ ప్రశ్న మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఏడాది గడిచింది. మళ్ళీ వానలు, మళ్ళీ చెమ్మ. అతను రాలేదు. టైలరు గారి భార్య ఒకనాడు బ్లౌజులు తీసుకోవడానికి వచ్చి, కూపీ లాగే గొంతుతో, "మీ ఆయన ఏం చేస్తుంటాడమ్మా?" అంది.

"తిరుగుతూ ఉంటారు," అంది మా ఆడపడుచు.

"సేల్సా?"

"అలాంటిదే."

నేను ఇస్త్రీ బట్టల వెనక్కి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడ్డాను.

పొడిగాలి రోజు మళ్ళీ వచ్చింది. పొద్దున్నే దండేలు నింపాం. అత్తగారు మామూలుగానే ఒక్కో బట్టా చెంపకి ఆనించుకుంటూ వస్తున్నారు. మధ్య దండెం మీద ఒక దిండు గలీబు ఉంది. రంగు మారి, నలిగి, కుట్టుల్లో సన్నటి ఇసుకతో. అత్తగారు చూడకుండానే దాన్ని చెంపకి ఆనించుకున్నారు. ఇసుక గుచ్చుకుని ఉంటుంది, ఆగిపోయారు.

పొద్దున దాన్ని తన పెట్టెలోంచి తీసి అక్కడ తగిలించింది మా ఆడపడుచే, నేను చూశాను.

"ఇది ఉతకలేదు," అన్నారు.

"లేదమ్మా."

"ఎన్నాళ్ళు వెతికాను దీనికోసం." కోపంగా అనలేదు. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. "వాసన అలాగే ఉంది."

"నీకు తెలుసా?" అంది కూతురు.

"ఈ ఇంట్లో ముందో వెనకో నాకు తెలియని బట్ట ఉందా? కోడలి పెట్టె అడుగున చేతిరుమాలు ఉంది. ఉతకమని అడిగానా ఎప్పుడైనా?"

నేను అప్పటికే సర్దిన దుప్పటి అంచు మళ్ళీ సర్దాను.

వీధి చివర టైలరు గారి బోర్డు గలగలలాడింది. అత్తగారు అటు చూసి, నెత్తి మీది గుడ్డ సర్దుకున్నారు. పెద్దవాళ్ళు ఎదురైతే సర్దుకున్నట్టు.

"మీ మామగారు వస్తున్నారు," అన్నారు కూతురితో. "పక్కకి జరగండి ఇద్దరూ. సబ్బు వాసన."

గోడ వారకి జరిగాం. ఆయన వచ్చాడు. ముందటేడు లాగే దుప్పట్లు ఎత్తి చూశాడు, చొక్కాల చేతులు లేపి చూశాడు. ఈసారి తొందర లేదు. ఏడాదంతా దొరకనిదాన్ని ఇంకా వెతికేవాడి తీరు అది. మధ్య దండెం దాకా వచ్చి, ఆగాడు. మేడ మీద మిగతా బట్టలన్నీ ఒక్కసారిగా కిందికి వేలాడిపోయాయి. ఆ గలీబు ఒక్కటే కదిలింది. ఉబ్బింది, తిరగబడింది, మళ్ళీ ఉబ్బింది. లోపల ఎవరో ముఖం పెట్టినట్టు.

తర్వాత లాగడం మొదలుపెట్టాడు. రెండు వైపులా క్లిప్పులు. ఒకటి టప్పున ఎగిరిపోయింది. రెండోది మా అత్తగారు కొనే గట్టిరకం, అది వదల్లేదు. గలీబు ఒంటి మూల మీద కొట్టుకుంటూ ఉంది. మా ఆడపడుచు అడుగు ముందుకు వెయ్యబోయి, తన చేతులు చూసుకుని ఆగిపోయింది.

అత్తగారు వెళ్ళారు. చేతులకి పైట చుట్టుకుని, ఆ క్లిప్పు నొక్కారు.

గలీబు పక్క మేడ దాటింది, దాని అవతలి మేడ దాటింది, రోడ్డు పోయే వైపే పోయింది. కనబడినంతసేపూ చూశాం. దాన్ని పట్టుకుని ఆయన కొడుకుని చేరుకున్నాడో లేదో మాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

సాయంత్రం బట్టలన్నీ కిందికి దించి మడతలు పెట్టాక అత్తగారు చూసుకున్నారు.

"ఒకటి తగ్గింది," అన్నారు.

ఆవిడే మళ్ళీ, "తగ్గనీ," అని మూట ముడి బిగించారు.